భీమిలి దాకా నడవాలంటే కర్నూలోళ్లు కావాలి

విశాఖ నుంచి భీమిలి దాకా సముద్రం పక్కనే నడిచిపోవచ్చా, లేదా? ఈ సంగతి తేల్చే పని విశాఖవాళ్లకు అప్పజెప్పకూడదని నా మనవి. భీమిలివాళ్లకు అసలే వద్దు. పిల్ల గుణగణాలు పిల్ల మేనమామని అడిగితే ఏం చెప్తాడు? సముద్రంతో ఏ చుట్టరికమూ లేని ఊరివాళ్లే పరీక్షించాలి. నిష్పక్షపాతంగా ఆలోచిస్తే ఈ పనికి కర్నూలును మించిన ఊరు లేదు.

మా అర్హతలు తక్కువేం కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి రాజధానై, గుడారాల్లో ఆఫీసులు నడిపి, 1956లో ఆ రాజధానే లేచి హైదరాబాదుకు నడిచిపోతుంటే సాగనంపిన ఊరు మాది. న్యాయ రాజధాని కూడా 2020లో చట్టం చేయించుకుని మరీ మా ఊరికి బయల్దేరింది గానీ, మరుసటేడే దారిలోంచి వెనక్కి తిరిగింది. సముద్రం మాకు బొత్తిగా తెలీదనడానికీ లేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊళ్లోకి వచ్చేసినప్పుడు మేడలెక్కి మేం చూసింది సముద్రం కాకపోతే మరేంటి?

ఇక దారి సంగతి. 2002 నుంచి మ్యూజియంగా ఒడ్డున కూర్చున్న కుర్సురా జలాంతర్గామి దగ్గర మొదలుపెడితే తెన్నేటి పార్కు, కైలాసగిరి, రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, చివరికి గోస్తనీ నది సముద్రంలో కలిసే భీమిలి. పాతిక పైచిలుకు కిలోమీటర్లు. పోయేటప్పుడు కుడిచేతివైపు సముద్రమే. అసలు చిక్కు అక్కడే. సముద్రం కనపడిందంటే మనిషి కాలి కింద చూడడు. మూతలేని మ్యాన్‌హోల్ అంచున నిలబడి కూడా “అబ్బ, ఏం వ్యూ!” అని ఫోను తీస్తాడు. అందుకే మా మొదటి నిబంధన: పోయేటప్పుడు కుడివైపు, వచ్చేటప్పుడు ఎడమవైపు చూడరాదు. చూసినవాడి నివేదిక చెల్లదు.

రెండోది ఎండ. మే నెలలో 44 డిగ్రీల్లో తిరిగేవాళ్లం, విశాఖ 36 ఓ లెక్కా అనుకుంటే బోల్తా పడతాం. మాది పొడి ఎండ. చెమట పట్టీ పట్టగానే ఆరిపోతుంది, ఆరుతూ ఒంటి వేడిని పట్టుకుపోతుంది. అక్కడ గాలే తడి కాబట్టి చెమట ఆరదు, కారుతుంది. వేడి ఒంట్లోనే ఉండిపోతుంది. మా ఎండ కాలుస్తుంది, వాళ్లది ఉడకబెడుతుంది. దానికి తోడు ఇసుక. పొడి ఇసుకలో మడమ దిగబడి, వేసిన అడుగులో సగం వెనక్కే పోతుంది. అల తడిపి వెళ్లిన గట్టి ఇసుక మీద హాయిగా నడవొచ్చు గానీ, ఆ హాయి పోటు వచ్చేదాకానే. ఈ రూట్లో ఆర్టీసీ కన్నా చంద్రుడి టైమింగ్స్ ముఖ్యం.

ఎర్రమట్టి దిబ్బల దగ్గర మావాళ్లు కాస్త తడబడొచ్చు. ఎర్రమట్టి అనగానే ట్రాక్టర్ లోడెంత అని నోటికొస్తుంది మాకు. అక్కడ దాన్ని జాతీయ భూవారసత్వ సంపదగా గుర్తించారు. మట్టికి ఇంత మర్యాద ఉంటుందని మాకెవరూ చెప్పలేదు.

భీమిలి చేరాక ఇంకో తిరకాసు. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఆ ఊరు ఇప్పుడు విశాఖ నగరపాలక సంస్థలో కలిసిపోయింది. కాళ్లు బొబ్బలెక్కేలా ఊరి నుంచి ఊరికి నడిచామని మనం అనుకుంటాం. రికార్డుల ప్రకారం ఊళ్లోనే తిరిగాం.

ఇంత శ్రమ దేనికి, పెద్దలు ఎప్పుడో నడిచి చూశారు కదా అని మీరనొచ్చు. చూశారు. 2012 గాంధీ జయంతినాడు చంద్రబాబు హిందూపురంలో మొదలుపెట్టి, మరుసటేడు విశాఖలో ముగించారు. 2017 నవంబరులో జగన్ ఇడుపులపాయలో బయల్దేరి, 3,648 కిలోమీటర్లు నడిచి, 2019 జనవరికి ఇచ్ఛాపురం చేరారు. 2023లో లోకేశ్ కుప్పంలో కదిలి విశాఖ శివార్లలో ఆగారు. సీమ నేల నడక మొదలుపెట్టడానికే మంచిదనీ, ఆగడానికి పనికిరాదనీ రెండు పార్టీలూ ఒప్పుకున్నట్టే. ఈ రాష్ట్రంలో వాళ్లిద్దరికీ కుదిరిన మాట ఇంకోటి నాకు గుర్తురావడం లేదు.

అయితే వాటిని నడకదారి పరీక్షగా లెక్కలోకి తీసుకోలేం. సాంకేతిక కారణం ఉంది. నాయకుడు నడిచేది నడిరోడ్డు మీద. ముందు పోలీసు జీపు, చుట్టూ తాడు, వెనక జనం. ట్రాఫిక్కే ఆగి దారిస్తుంటే ఫుట్‌పాత్ ఉందో లేదో ఆయనకెలా తెలుస్తుంది?

అందుకే మా జట్టు ఎంపికకు కఠినమైన పరీక్ష పెట్టాం. కొండారెడ్డి బురుజు నుంచి రాజ్‌విహార్ సెంటర్ దాకా, ఒక్కసారి కూడా రోడ్డు మీద కాలు పెట్టకుండా చేరాలి. వినడానికి చిన్నదే. మొదట ఉగ్గాని బజ్జీ బండి వస్తుంది. బాండలిలో నూనె చిటపటలాడుతుంటే పక్కనుంచి ఒంటికాలి మీద జరగాలి. ప్లేటు పట్టుకున్నాయన్ని “కొంచెం జరుగన్నా” అంటే జరగడు. జరిగితే కాలవలో పడతాడు మరి. ఆ కాలవ మీద బండ ఒకటి లేచిపోయిన చోట ఎవరో పుణ్యాత్ముడు వేపకొమ్మ గుచ్చి పెట్టాడు. ఎండిపోతే కొత్తది మారుస్తుంటారు కూడా, నిర్వహణ బాగుంది. అది దాటితే వరసగా బైకులు, బైకుల తర్వాత ట్రాన్స్‌ఫార్మర్, దాని కంచె, కంచెకు కట్టిన పుట్టినరోజు ఫ్లెక్సీ. అందులో ఓ నాయకుడు నవ్వుతూ చెయ్యూపి మనల్ని రోడ్డు మీదికి పంపిస్తాడు.

దరఖాస్తులు బాగానే వచ్చాయి గానీ ఆ ఫ్లెక్సీ దాటినవాళ్లు లేరు. కడపట ఒకాయన చొక్కా నలగకుండా, చెప్పులకు బురదంటకుండా రాజ్‌విహార్‌లో నిలబడి కనిపించేసరికి మా కమిటీ చప్పట్లు కొట్టింది. ఆరా తీస్తే షేర్ ఆటోలో వచ్చాడని తేలింది. నిలదీశాం.

“రోడ్డు మీద కాలు పెట్టలేదు గదా సార్” అన్నాడు.

రూల్స్ మళ్లీ మళ్లీ చదివాం. ఆయన్ని తీసెయ్యడానికి ఎక్కడా దారి దొరకలేదు. జట్టు కెప్టెన్‌గా వేసుకున్నాం.