నా విమానం ఇప్పుడు ఎవరింట్లో ఉంది?

కనుమ రోజు మా బావగారు షాపుకొచ్చారు. పండగ కదా, బేరాల్లేవు. వెనక బల్ల మీది సిస్టమ్‌లో, అచ్చం విమానం నడిపినట్టే ఉండే ఫ్లైట్ సిమ్యులేటర్‌లో, నేను హైదరాబాద్ నుంచి విశాఖకి వస్తున్నాను. సముద్రం మీంచి తిరిగి రన్‌వేకి ఎదురుగా వచ్చే సమయం, జాయ్‌స్టిక్ మీంచి చెయ్యి తియ్యడానికి లేదు. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని కాసేపు చూసి, "భోగాపురంలో నిజం ఇమానమే దిగీసింది కదరా, నీకింకా ఈ బొమ్మ ఇమానాలేటి?" అన్నారు.

దిగిన మాట నిజమే. 2026 జనవరి 4న ఎయిర్ ఇండియా విమానం ఒకటి పరీక్షగా భోగాపురం కొత్త విమానాశ్రయంలో దిగింది. 3.8 కిలోమీటర్ల రన్‌వే. పౌర విమానయాన మంత్రి మన శ్రీకాకుళం ఎంపీయే. విమానం చప్పుడు వినిపిస్తే అన్నం పళ్ళెం వదిలేసి వీధిలోకి పరిగెత్తిన తరం మాది, మాకిది చిన్న సంగతి కాదు. బావగారికి అప్పుడు జవాబేమీ చెప్పలేకపోయాను. ల్యాండింగ్ కూడా చెడింది, విమానం రన్‌వే దాటి గడ్డిలోకి పోయింది. ఆ ఉక్రోషంతోనే ఇది రాస్తున్నానని ముందే ఒప్పుకుంటున్నాను.

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్‌కి దగ్గర్లో ఇరవై ఏళ్ళుగా కంప్యూటర్లు అసెంబుల్ చేస్తున్నాను. ఇన్నేళ్ళలో నా దగ్గర జాయ్‌స్టిక్ అడిగినవాళ్ళు ఎంతమంది అంటే, ఒక చేతి వేళ్ళు చాలు. వాళ్ళలో ఒకాయన అది వీల్‌చైర్‌కి పనికొస్తుందా అని అడిగాడు. "సిమ్ ఆడతాను" అని ఎవరితోనైనా అంటే "జియోనా, ఎయిర్‌టెల్‌నా" అంటారు. ఫ్లైట్ సిమ్యులేటర్ అని పూర్తిగా చెప్తే "ఓహో, గేమ్" అంటారు. గేమ్ అంటే నాకు ఒళ్ళు మండుతుంది, కానీ కాదని నిరూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. ఒకసారి పదో తరగతి కుర్రాడొకడు అరగంట సేపు నా వెనక నిలబడి చూసి, "అంకుల్, ఇందులో ఎవర్ని కాల్చాలి?" అన్నాడు. ఎవర్నీ కాల్చక్కర్లేదన్నాను. "మరి గెలవడం ఎలాగ?" అన్నాడు. గెలవడమంటూ ఏదీ లేదు నాయనా. చెక్‌లిస్ట్ చదువుకోవాలి, ఇంధనం లెక్క వేసుకోవాలి, గాలి ఏ దిక్కు నుంచి వీస్తోందో చూసుకోవాలి, గంటన్నర సేపు మబ్బులు చూస్తూ కూర్చోవాలి, చివర్లో చెమటలు పట్టించుకుని దిగాలి. దిగాక ఎవరూ చప్పట్లు కొట్టరు. అదే దాని సుఖం. వాడు మర్యాదగా తలూపి, ఫోన్‌లో తుపాకుల ఆట ఆడుకుంటూ వెళ్ళిపోయాడు.

నా మొదటి సిమ్ మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఎఫ్‌ఎస్ 2004, ఎఫ్‌ఎస్ అంటే ఫ్లైట్ సిమ్యులేటర్. నాలుగు సీడీలు. ఎలా వచ్చాయని అడక్కండి, ఆ రోజుల్లో ఈ జిల్లాలో ఎవరికైనా సీడీలు ఎలా వచ్చేవో అలాగే వచ్చాయి. ఆ పాపం తరవాత డబ్బులిచ్చి కడుక్కున్నాను. అందులో హైదరాబాద్ అంటే బేగంపేట. శంషాబాద్ 2008 మార్చిలో మొదలైంది, బేగంపేటకి మామూలు ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. నా హార్డ్ డిస్క్‌లో మాత్రం బేగంపేట బేగంపేటగానే ఉంది. నేను ఇప్పటికీ అక్కడే దిగుతాను.

ఇది నా ఒక్కడి పిచ్చి కాదు, ఈ హాబీకే ఉన్న గుణం. బ్రూస్ ఆర్ట్‌విక్ అనే ఆయన 1980 నాటికే యాపిల్ టూ కంప్యూటర్ మీద గీతలతో విమానం ఎగిరించాడు. ఆయన పనినే మైక్రోసాఫ్ట్ తీసుకుని 1982లో ఐబీఎం పీసీ మీదికి తెచ్చింది. ఆ తరవాత చాలా ఏళ్ళు సిమ్ తెరవగానే మన విమానం షికాగోలో సరస్సు పక్కనున్న మెగ్స్ ఫీల్డ్ అనే చిన్న విమానాశ్రయంలో నిలబడి ఉండేది. షికాగో మొహం చూడని వాళ్ళు లక్షల మంది ఆ రన్‌వే మీదే ఓనమాలు దిద్దారు. 2003 మార్చి 30 రాత్రి ఆ ఊరి మేయర్ బుల్‌డోజర్లు పంపి రన్‌వే మీద పెద్ద పెద్ద ఇంటూ గుర్తులు తవ్వించేశాడు. తెల్లారేసరికి విమానాశ్రయం లేదు. అదే ఏడు జులైలో వచ్చిన ఎఫ్‌ఎస్ 2004లో మాత్రం అది చెక్కుచెదరకుండా ఉంది. మేయర్ బుల్‌డోజర్ శ్రీకాకుళంలో నా డిస్క్ దాకా రాలేదు మరి.

నా గోడు ఇక్కడే మొదలవుతుంది.

2009 జనవరిలో మైక్రోసాఫ్ట్ ఈ సిమ్ తయారుచేసే ఏసెస్ స్టూడియోని మూసేసింది. అప్పటికి చివరిది 2006లో వచ్చిన ఎఫ్‌ఎస్‌ఎక్స్. 2012లో 'ఫ్లైట్' అని ఏదో తెచ్చారు, ఆ ఏడాదిలోనే దాని పనీ ఆపేశారు. మామూలు వస్తువైతే అక్కడితో కథ కంచికే. కానీ 2009 నుంచి 2020 దాకా, పదకొండేళ్ళు, ఈ హాబీని నిలబెట్టింది వాడేవాళ్ళే. ఒకడు తన ఊరి విమానాశ్రయం కట్టాడు, ఒకడు మబ్బులు మార్చాడు, ఇంకొకడు వంతెనలు పెట్టాడు. వాట్‌సిమ్ అనే ఆన్‌లైన్ నెట్‌వర్క్‌లో ఎవరెవరో వాళ్ళ ఇళ్ళల్లోంచే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లుగా కూర్చుని, జీతం లేకుండా మనకి దారి చెప్పారు, ఇప్పటికీ చెప్తున్నారు. కంపెనీ చేతులెత్తేసినా హాబీ ఎందుకు చావలేదంటే, సరుకంతా మన ఇళ్ళల్లో ఉంది కాబట్టి. మూసేసింది వాళ్ళ ఆఫీసు. నా సీడీలు నా బీరువాలో ఉన్నాయి.

2020 ఆగస్టులో కొత్త సిమ్ వచ్చింది. మైక్రోసాఫ్ట్ కోసం ఫ్రాన్స్‌లోని అసోబో వాళ్ళు చేశారు. ఉపగ్రహ చిత్రాలు పరిచి భూమి మొత్తం చూపించారు. అబద్ధం చెప్పను, మొదటిరోజు నాకు నోట మాట రాలేదు. అంతకు ముందు సిమ్‌లో శ్రీకాకుళం అంటే గోధుమరంగు పొలం, నాలుగు అమెరికా ఇళ్ళు. ఆ రోజు చిన్న సెస్నా విమానం వేసుకుని కళింగపట్నం సముద్రం మీంచి లోపలికి వస్తే వంశధార కనిపించింది, ఇసక తిన్నెలతో సహా. దక్షిణంగా తిరిగితే నాగావళి. వంతెన పట్టుకుని ఊళ్ళోకొచ్చి, వీధులు లెక్కపెట్టుకుంటూ మా డాబా వెతికాను. మా ఆవిడని పిలిచి చూపిస్తే "ఆ నీలం రంగు మన ట్యాంకేనా?" అంది. ట్యాంకే. లాక్‌డౌన్ భయంలో ఊరు కదల్లేక ఇంట్లో కూర్చుని, మా ఇంటి మీద మేమే ఎగిరాం. (అక్కడ కనిపించే మేడల్ని చాలాచోట్ల కంప్యూటరే ఆ ఫొటో చూసి ఊహించి కడుతుంది. మొదట్లో లండన్ రాణిగారి భవంతినే ఆఫీసు బిల్డింగ్‌గా కట్టేసిందట. ఇంక మన అరసవల్లి గోపురం ఏపాటి!) ఆ నెల్లోనే అమెరికాలో లారా తుపాను వస్తే, లైవ్ వాతావరణం పెట్టుకుని దాని కంట్లోకి సరదాగా ఎగిరినవాళ్ళున్నారు. తిత్లీ తుపాను చూసినవాళ్ళం, ఆ సరదా మాత్రం మనకొద్దు.

అయితే ఆ అందమంతా ఇంటికి రాదు. భూమి మొత్తం నా డిస్క్‌లో పట్టదు కాబట్టి వాళ్ళ సర్వర్ నుంచి ఎప్పటికప్పుడు పారుతూ వస్తుంది. 2020 దాంట్లో నెట్ లేకపోయినా నాసిరకంగానైనా ఎగరొచ్చు. 2024 నవంబర్ 19న ఇంకో కొత్తది వచ్చింది. అందులో విమానాలతో సహా చాలా సరుకు సర్వర్ మీదికే ఎక్కించేశారు. డిస్క్ మీద బరువు తగ్గింది, సంతోషం. విడుదలైన రోజు జనం ఎగబడేసరికి సర్వర్లు తట్టుకోలేకపోయాయి. డబ్బులు కట్టినవాళ్ళు ప్రపంచమంతా లోడింగ్ గీత చూస్తూ కూర్చున్నారు. తయారీదారులు వీడియోలో క్షమాపణ చెప్పారు. తరవాత సర్దుకుంది, కాదనను. కానీ తాళం ఎవరి దగ్గరుందో ఆ రోజు తెలిసిపోయింది.

దానికి కనీసం 10 ఎంబీపీఎస్ నెట్ కావాలి, 50 ఉంటే మంచిదంటారు. నా కనెక్షన్ కాగితం మీద 100. మా వీధిలో ఆ వైరు కరెంటు స్తంభాలకి చీరల తాడులా వేలాడుతూ ఉంటుంది. డిసెంబర్‌లో ఒక సాయంత్రం దిగడానికి వస్తున్నాను, చక్రాలు కిందికి వదిలాను, ఎత్తు వెయ్యి అడుగులు. సరిగ్గా అప్పుడే వీధిలో గడ్డి ట్రాక్టర్ వెళ్ళింది. రెండు మేడల ఎత్తు గడ్డి. వైరు గడ్డిలో చిక్కుకుని టప్పున తెగింది. నా తెర మీద కింద ఉన్న ఊరు నెమ్మదిగా మైదాపిండిలా అయిపోయింది. బయటికొచ్చి చూస్తే ట్రాక్టర్ అబ్బాయి తాపీగా వైరు చుట్టబెట్టి గోడ మీద పెడుతున్నాడు. వాణ్ణి ఏమంటాం? వాడి గడ్డి వాడికి ముఖ్యం. నెట్ వాళ్ళు మూడోరోజు వచ్చారు. ఆ మూడు రోజులూ ఎఫ్‌ఎస్ 2004 సీడీల విమానమే నాకు దిక్కు. దానికి గడ్డి ట్రాక్టర్లతో తగువు లేదు.

ఒక వైరు తెగితే మూడోరోజుకి అతుక్కుంటుంది. రేపు లాభం లేదని ఆ కంపెనీయే సర్వర్ ఆపేస్తే? 2009లో స్టూడియో మూసినవాళ్ళు 2035లో సర్వర్ మూయరని ఏమిటి పూచీ? అప్పుడు మా బీరువాలో ఏమీ ఉండదు. కొనుక్కున్న విమానాలూ ఉండవు. సిమ్‌లో విడిగా కొని పెట్టుకునే యాడ్-ఆన్, ఒక్క మంచి బోయింగ్ 737 ఐదారు వేలు, అది కూడా ఒక సిమ్‌కి కొన్నది ఇంకో సిమ్‌కి పనికిరాకపోవచ్చు. మన ఇళ్ళల్లో ఐదారు వేలంటే పిల్లాడి ట్యూషన్ ఫీజు.

సిస్టమ్ సంగతి చెప్తే షాపువాడిగా నాకే సిగ్గుగా ఉంటుంది. 2025 చివర్నుంచి ర్యామ్ రేట్లు చూస్తున్నారు కదా, ఏఐ డేటా సెంటర్లు చిప్పులన్నీ మింగేస్తున్నాయి. విశాఖలోనే 1500 కోట్ల డాలర్లతో అలాంటిది పెడతామని గూగుల్ చెప్పింది. వంద కిలోమీటర్ల దూరంలో అంత పెద్ద డేటా సెంటర్ వస్తుంటే, ఇక్కడ నేను పిల్లాడికి పదహారు జీబీ స్టిక్ రేటు చెప్పలేక మొహం తిప్పుకుంటున్నాను. కొత్తగా ఈ హాబీలోకి ఎవరొస్తారు చెప్పండి. టీవీకి తగిలించుకునే ఎక్స్‌బాక్స్ గేమ్ పెట్టె మీద వస్తున్నారంటారు. రానివ్వండి, మంచిదే. కానీ ఎక్స్‌బాక్స్ కుర్రాడు ఎగరగలడు, విమానాశ్రయం కట్టలేడు. ఈ హాబీ ఇన్నాళ్ళు బతికింది కట్టేవాళ్ళ వల్ల.

నాలాంటి వాడే ఒక మిత్రుడు విజయనగరంలో ఉన్నాడు, మూడు లాంతర్ల దగ్గర మందుల షాపు. నేనిలా మొదలెడితే "ఎక్స్-ప్లేన్ లేదేటి?" అంటాడు. ఉంది. అదీ ఒక సిమ్యులేటరే, ఆస్టిన్ మేయర్ అనే ఆయన మొదలెట్టింది, భూమంతా మన డిస్క్ మీదే పెట్టుకోవచ్చు, నెట్ తెగినా ఎగురుతుంది. ఫ్లైట్‌గేర్ ఉంది, పూర్తిగా ఉచితం, దాని లోపలి కోడ్ కూడా అందరికీ అందుబాటులోనే ఉంటుంది. వాడి మాటలో న్యాయం ఉంది. కానీ ఎక్స్-ప్లేన్‌లో మా నీలం ట్యాంకు లేదు. ఒకసారి మన ట్యాంకు మనం చూసుకున్నాక మళ్ళీ గోధుమరంగు పొలం మీద ఎగరమంటే మనసొప్పదు. ఆ బలహీనత మీదే వాళ్ళ వ్యాపారం నడుస్తోంది, నాకు తెలుసు. తెలిసీ రెండూ పెట్టుకున్నాను.

బావగారికి చెప్పాల్సిన జవాబు ఇప్పుడు చెప్తాను. భోగాపురంలో నిజం రన్‌వే వచ్చింది కాబట్టే నాకు పని పెరిగింది. నా పాత ఎఫ్‌ఎస్‌ఎక్స్‌లో అది లేదు, ఉండదు కూడా. అందుకని ఉచితంగా దొరికే ఒక టూల్‌తో నేనే కడుతున్నాను. నాలుగు నెలలుగా రాత్రి షట్టర్ దించాక ఒక గంట అదే పని. రన్‌వే పడింది, టాక్సీవేలు పడ్డాయి, టెర్మినల్ ఇంకా అట్టపెట్టెలాగే ఉంది.

మొన్నొక పెద్దాయన మనవడి ల్యాప్‌టాప్ రిపేరుకి తెచ్చారు. మరడపాలెం వాళ్ళట. విమానాశ్రయం కోసం ఖాళీ అయిన ఊళ్ళలో అదొకటి. కీబోర్డ్ విప్పుతున్నంతసేపూ ఆయన నా తెర వైపే చూస్తున్నారు. ఇదేటి బాబూ అని అడిగితే చెప్పాను. లేచి దగ్గరికొచ్చి కళ్ళజోడు సర్దుకుని, సముద్రం ఎటో అడిగారు. చూపించాను. వేలు తెర మీద పెట్టి మెల్లగా జరుపుకుంటూ వచ్చి ఒకచోట ఆపారు. "ఇక్కడ మా జీడితోట" అన్నారు. కొంచెం ఆగి, "ఇదిగో, ఇక్కడ నుయ్యి" అన్నారు. ఆయన వేలున్న చోట నేను అప్పుడే పచ్చగడ్డి పరిచి ఉన్నాను. ల్యాప్‌టాప్‌కి డబ్బులిచ్చి వెళ్తూ, గుమ్మం దగ్గర ఆగి, "అందులో చెట్లు కూడా ఎట్టొచ్చా?" అని అడిగారు.

పెట్టొచ్చన్నాను. కాకపోతే ఎఫ్‌ఎస్‌ఎక్స్ చెట్లలో జీడిచెట్టు లేదు. పొట్టిగా, గుబురుగా ఉండేది ఏదైనా ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి. నూతికి ఒక సిమెంటు గాబు బొమ్మ దొరికింది, అది సరిపోతుంది.