షట్టర్ దించుకున్న సూపర్‌స్టోర్ గారికి

మహారాజశ్రీ ఎలక్ట్రానిక్స్ సూపర్‌స్టోర్ గారికి, కడప నుంచి మీ ప్లాటినం కస్టమర్ నమస్కరించి రాయునది. ఇక్కడ మే నెల, ఇంట్లో ఏసీ ఆగిపోయింది కాబట్టి మా క్షేమం గురించి వేరే చెప్పక్కర్లేదు. మీరెక్కడున్నారో తెలిస్తే మీ క్షేమం కూడా అడిగేవాణ్ణి.

ఈరోజు మధ్యాహ్నం రెండింటికి వారంటీ కార్డు పట్టుకుని మీ షోరూంకి వచ్చాను. షట్టర్‌కు తాళం, దాని మీద 'టు లెట్' కాగితం. మీ మెట్ల మీద పుచ్చకాయ ముక్కలు అమ్ముకుంటున్నాయన నా చేతిలో కవరు చూసి, "వారంటీనా అన్నా? పొద్దున్నుంచి నువ్వు నాలుగోవాడివి" అన్నాడు. ఉప్పూకారం చల్లి ఒక ముక్క చేతిలో పెట్టాడు. మీ కస్టమర్ కేర్ ఏనాడూ అంత చేయలేదు.

దసరాకు మీరు దిగినప్పుడు ఎంత ఆర్భాటం! డప్పులు, బెలూన్లు, గేటు ముందు లక్కీ డ్రా కారు. ఆ కారు ఎవరింటికి పోయిందో తెలీదు. కూపన్‌లో రాసిన నా నంబరుకు మాత్రం లోన్ల వాళ్ళ ఫోన్లు ఇంకా వస్తున్నాయి. పోనీలెండి.

ఆ వారంటీని మాత్రం పోనీయలేను. బిల్లు కొట్టే ముందు మీ కుర్రాడు గొంతు తగ్గించి, "మన కడప ఎండలకి కంపెనీ ఇచ్చే ఏడాది యాడ చాలుతుందన్నా" అన్నాడు. నాలుగున్నర వేలు కడితే ఇంకో మూడేళ్ళు నిశ్చింత అట. కంప్రెసర్‌కు కంపెనీవాళ్ళు పదేళ్ళిచ్చారు, అది గుండ్రాయిలా ఉంది. పోయింది పీసీబీ, అంటే ఏసీ లోపలి సర్క్యూట్ బోర్డు. మెకానిక్ ఏడు వేలన్నాడు. కార్డుందిగా అని బీరువాలో మా ఆవిడ పట్టుచీరల మధ్య నుంచి తీస్తే, దానికి పిన్ను కొట్టిన బిల్లు తెల్లకాగితం! థర్మల్ పేపరట, వేడికి అక్షరాలు చెరిగిపోతాయట. ఎండల పేరు చెప్పి అమ్మిన వారంటీకి ఎండకు ఆగని బిల్లా? కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుంటే ఒక్క '4,500' లీలగా కనిపించింది.

అమెరికాలో మీకు వరసకు పెదనాన్న ఒకాయన ఉండేవాడు, సర్క్యూట్ సిటీ అని. 1949లో వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో చిన్న టీవీల కొట్టుగా మొదలై దేశమంతా పాకాడు. 2007లో, జీతాలు ఎక్కువ తీసుకుంటున్నారని 3,400 మంది సేల్స్‌వాళ్ళను తీసేసి తక్కువకొచ్చేవాళ్ళను పెట్టుకున్నాడు. 2008 నవంబరులో దివాలా పిటిషన్, 2009 మార్చికల్లా ఆఖరి కొట్టూ మూత. మీరూ ఆ బడిలోనే చదివినట్టున్నారు. మీ దగ్గర ఒక పెద్దాయన ఉండేవాడు. ఫ్రిజ్ కొన్నప్పుడు, "ఈ వారంటీ ఎందుకు నాయనా, ఆ డబ్బుతో మంచి స్టెబిలైజర్ కొనుక్కో" అన్నాడు. మళ్ళీ వచ్చేసరికి ఆయన లేడు. ఏసీలో కాయిల్ కాపరా అల్యూమినియమా అని అడిగితే స్టిక్కర్ చూసి "ఫైవ్ స్టార్ అన్నా" అనే ఈ కుర్రాడున్నాడు.

నా తప్పు లేదనను. మీ టీవీ చూసి, మీ ఏసీ కిందే నిలబడి ఫోన్లో ఇంకోచోట ఆర్డర్ పెట్టినవాణ్ణే. వేసవిలో మీ టీవీల గోడ ముందు మ్యాచ్ చూసినవాళ్ళలో ఒక్కడూ రిమోట్ కూడా కొనలేదు. అయినా మీరెవర్నీ బయటికి పొమ్మనలేదు. అది మాత్రం ఒప్పుకుంటాను.

కానీ నా నాలుగున్నర వేలు ఏవయ్యా? మూసేసే ముందు ఒక్క ఫోన్ కొట్టడానికి నీకు నోరు రాలేదా? మొన్న నా పుట్టినరోజుకు, ఇంట్లోవాళ్ళకన్నా ముందు, మెసేజ్ పంపడానికి మాత్రం నంబరు దొరికిందే! షోరూంకి వస్తే 10 శాతం తగ్గింపు అన్నావు.

వచ్చాను.

ఇట్లు,
ఇంకో రెండేళ్ళు వారంటీలో ఉన్న మీ ప్లాటినం కస్టమర్