కొత్త సాఫ్ట్‌వేర్ కొనేముందు కాటా దగ్గర కాసేపు కూర్చోండి

జూన్ వచ్చిందంటే చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి ట్రాక్టర్లు బారులు తీరుతాయి. పోయిన సీజన్లో అలాంటి ఒక ఫ్యాక్టరీ యజమాని తిరుపతి నుంచి నన్ను పిలిపించి, 'ఈఆర్‌పీ కొందామనుకుంటున్నాం, ఏది మంచిదో చెప్పండి సార్' అన్నారు. ఈఆర్‌పీ అంటే కొనుగోళ్లు, సరుకు, ఖాతాలు అన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్. నేను వెళ్లి కాటా దగ్గర కూర్చున్నాను.

కాటా కుర్రాడు ఇచ్చే చీటీ మీద బండి నంబరు, బరువు ఉంటాయి. రైతు దాన్ని కొనుగోలు గదికి పట్టుకెళ్తే, గుమస్తా ఒక టోకెన్ నంబరు వేసి అదే బరువును ఎక్సెల్‌లో మళ్లీ కొడతాడు. ల్యాబ్‌లో బ్రిక్స్, అంటే కాయలో తీపి ఎంతో చూసే అమ్మాయికి బండి నంబరుతోనూ టోకెన్‌తోనూ పనిలేదు, ఆమెది లాట్ నంబరు. రాత్రి అకౌంటెంట్ చీటీలన్నీ ముందేసుకుని రైతు పేరు మీద ట్యాలీలో ఎక్కిస్తాడు. ఒకే ఊళ్లో ఒకే పేరున్న రైతులు ముగ్గురు. ఒకరి డబ్బు ఇంకొకరి ఖాతాలో పడిన రోజు గేటు దగ్గర ఎంత గొడవైందో వాచ్‌మన్ చెప్పాడు.

ఈ నాలుగు లెక్కలు అలాగే ఉండగా ఈఆర్‌పీ కొంటే, అది ఐదో లెక్క అవుతుంది. అంతే.

సంస్థలో పనులు, సమాచారం, సిస్టమ్‌లు ఒకదానితో ఒకటి ఎలా కలవాలో ముందే గీసుకోవడాన్ని ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ అంటారు. అదంతా పెద్ద కంపెనీల వ్యవహారమని మనవాళ్ల భయం. 1987లో ఐబీఎంలో ఉన్న జాన్ జాక్‌మన్ దీని మీద రాసిన వ్యాసంలో ప్రధానంగా చూసినవి మూడే: ఏ సమాచారం, ఏ పని, ఎక్కడ. ఎవరు, ఎప్పుడు, ఎందుకు అన్నవి 1992లో చేరాయి. మన దగ్గర చిన్న, మధ్యతరహా వ్యాపారాలు ఈ 'ఎవరు' నుంచే మొదలుపెట్టాలని నా అభిప్రాయం. సంస్థలో మనుషులు ఎలా మాట్లాడుకుంటారో వాళ్లు తయారుచేసే సిస్టమ్ కూడా అలాగే ఉంటుందని కంప్యూటర్ శాస్త్రవేత్త మెల్విన్ కాన్వే 1968లోనే రాశాడు. ఈ ఫ్యాక్టరీలో కాటావాళ్లూ ల్యాబ్‌వాళ్లూ టీ తాగే వేళలు కూడా వేరు! ఇక ఈ ఆర్కిటెక్చర్ గీయడానికి టోగాఫ్ లాంటి లావుపాటి పద్ధతులు ఇక్కడికి అనవసరం. ఏ లెక్క ఎవరి నుంచి ఎవరికి వెళ్తుందో చూపే, గోడ మీద అతికించగలిగిన ఒక్క బొమ్మ చాలు.

లెక్కలు కలవకపోతే ఏమవుతుందంటారా? ఐరోపాలో ఆహార వ్యాపారం చేసేవాళ్లు సరుకు ఎవరి దగ్గర కొన్నారో, ఎవరికి అమ్మారో చూపించగలగాలి. 2002 నాటి చట్టంలోని ఆ నిబంధన 2005 జనవరి నుంచి అమల్లో ఉంది. అందుకే గుజ్జు కొనే పార్టీ మన ఎగుమతిదారుణ్ని కూడా నిలదీస్తుంది. గోడౌన్‌లో ఒక డ్రమ్ము చూపించి, ఇందులోని కాయ ఎవరెవరి తోటలదని అడిగాను. గంటన్నర వెతికారు. చివరికి పదకొండు పేర్లు చదివి, 'వీళ్లలోనే ఎవరో కొందరు సార్' అన్నారు.

ఈ సీజన్‌కి ఈఆర్‌పీ వద్దన్నాను. గేటులోనే టోకెన్ వేసి, కాటా చీటీ మీద, ల్యాబ్ రిజిస్టర్లో, ట్యాలీలో అదే నంబరు నడిపించమన్నాను. పైసా ఖర్చు లేని పని కాబట్టి యజమాని వెంటనే ఒప్పుకున్నారు. కానీ ఆ టోకెన్ ఎవరు వేయాలన్న దగ్గర కొనుగోలు గదికీ కాటాకీ మొదలైన పంచాయితీ మాత్రం ఇంకా తెగలేదు.