ఆ పిల్లను కొడుతున్నదెవరని అడగరేం?

టీనేజీ అమ్మాయి మందు తాగిందనో, చెయ్యి కోసుకుందనో, గర్భం వచ్చిందనో తెలిస్తే మన నోట వచ్చే మొదటి మాట ‘చెడిపోయింది’. ఎవడైనా కొడుతున్నాడా, బెదిరిస్తున్నాడా అన్న ప్రశ్న చాలాసార్లు రానే రాదు.

అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1997, 1999లో హైస్కూలు విద్యార్థుల సర్వేలు జరిగాయి. వాటి ఆధారంగా 2001లో ‘జామా’ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, దాదాపు ప్రతి ఐదుగురు అమ్మాయిల్లో ఒకరు డేటింగ్‌లో ఉన్నవాడి చేతిలో శారీరక లేదా లైంగిక హింసకు గురయ్యారు. కొకైన్ వాడకం, సన్నబడాలని విరేచనాల మాత్రలు మింగడం, తిన్నది కక్కేయడం, గర్భం రావడం, ఆత్మహత్యాయత్నం ఆ అమ్మాయిల్లోనే ఎక్కువగా కనిపించాయి. ఏది ముందో ఏది వెనకో ఇలాంటి సర్వేతో తేలదు. దెబ్బలు భరించలేక మత్తులో పడ్డవాళ్లుంటారు, మత్తులో పడ్డాక అలాంటివాడికి చిక్కినవాళ్లూ ఉంటారు. ఎటు చూసినా, మత్తు మాన్పించి దెబ్బల సంగతి వదిలేస్తే అది వైద్యం కాదు.

మన దగ్గర టీనేజీ పిల్లల ఆరోగ్యం కోసం కేంద్రం 2014లో మొదలుపెట్టిన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమంలో పోషణ, మత్తు, మానసిక ఆరోగ్యంతో పాటు హింస కూడా ఉంది. కాగితం మీద. ఓపీ గదిలో జరిగేది వేరు. పిల్ల పక్క కుర్చీలో తల్లి ఉంటుంది. డాక్టర్ అడిగినవాటికి తల్లే జవాబులు చెబుతుంది: ‘నీరసమండీ, సరిగ్గా తినట్లేదు.’ ఐరన్ మాత్రలు రాసి పంపేస్తారు. ఫోన్ పాస్‌వర్డ్ వాడి చేతిలో ఉందని, ఫొటోలు బయటపెడతానని బెదిరిస్తున్నాడని అమ్మ ముందు ఏ పిల్ల చెబుతుంది?

చట్టం భయం ఇంకోటి. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, 18 ఏళ్లలోపు వారిపై లైంగిక నేరం తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి. రక్షణ కోసం తెచ్చిన నిబంధనే. కానీ పిల్లకు కనిపించేది వేరు: ఆస్పత్రికి వెళ్తే కేసు, కేసయితే ఊరంతా గోల, ఆపైన చదువు మాన్పించి పెళ్లి. ఆ భయం ఉత్తది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల మహిళల్లో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయిందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది.

గర్భస్రావం కోసం వచ్చిన మైనర్, ఆమె సంరక్షకులు కోరితే, పోలీసులకిచ్చే సమాచారంలో డాక్టర్ ఆమె పేరు, వివరాలు చెప్పనక్కర్లేదని సుప్రీంకోర్టు 2022లో తీర్పిచ్చింది. ఈ సంగతి ప్రతి గర్ల్స్ హాస్టల్ గోడ మీదా ఉండాలి. ఓపీలో తల్లిని పది నిమిషాలు బయట కూర్చోబెట్టడానికి జీవో కూడా అక్కర్లేదు.