థాంక్యూ చార్టు నేనే చేశాను

మొన్న రాత్రి పదకొండింటికి డైనింగ్ టేబుల్ మీద స్కెచ్ పెన్నులు, జిగురు, మెరుపు కాగితాలు పరుచుకుని కూర్చున్నాను. నాలుగో తరగతి చదివే మావాణ్ణి స్కూల్లో కృతజ్ఞత మీద చార్టు చేసుకురమ్మన్నారట. పడుకునే ముందు తాపీగా చెప్పి, వాడు నిద్రపోయాడు. "అమ్మా, నువ్వు నాకోసం చేసే పనులన్నింటికీ థాంక్యూ" అని గుండ్రటి అక్షరాలతో నేనే రాసి, చుట్టూ పూలు నేనే అతికించాను. అంటే నాకు నేనే థాంక్యూ చెప్పుకున్నానన్నమాట. వాడికి స్టార్ వచ్చింది. చార్టు క్లాసు గోడకెక్కింది.

నవ్వొచ్చింది, ఒళ్లూ మండింది.

అసలు మన ఇళ్లలో థాంక్యూ అనే మాట ఎప్పుడుందండీ? మా అమ్మమ్మది గుంటూరు పక్క పల్లె. ఎండన పడొచ్చినప్పుడు ఎవరైనా గ్లాసుడు మజ్జిగ ఇస్తే "నీ కడుపు చల్లగుండ" అనేది. తాతయ్య విస్తరి ముందు నుంచి లేస్తూ "అన్నదాతా సుఖీభవ" అనేవాడు. కృతం అంటే చేసినది, జ్ఞ అంటే ఎరిగినవాడు. ఎదుటివాళ్లు మనకోసం ఏం చేశారో ఎరగడమే కృతజ్ఞత. నోటితో చెప్పడం తర్వాతి సంగతి. మరి ఆ చేసేది కంటపడకపోతే పిల్లలు ఎరిగేదెలా? మావాడి లెక్కలో బియ్యం ఫోన్ నొక్కితే వస్తాయి, ఇస్త్రీ యూనిఫాం బీరువాలో పుడుతుంది.

అందుకే ఈ మే నెలలో ఆవకాయకి ఇద్దర్నీ కూర్చోబెట్టాను. ఏడో తరగతి అమ్మాయి మారు మాట్లాడకుండా వచ్చింది. వీడి విషయంలోనే గొడవ. "మగపిల్లాడికి ఈ పనులేమిటమ్మా" అన్నారు అత్తయ్య. వాడూ తింటాడు కదండీ అన్నాను. మార్కెట్లో పాతిక కాయలు కొట్టించి తెచ్చాం. ఒక్కో ముక్కకీ జీడి తీయాలి, టెంకకి అంటుకున్న పల్చటి పొర గోరుతో లాగాలి, పొడిబట్టతో తుడవాలి. చుక్క తడి తగిలినా జాడీ మొత్తం బూజు పడుతుంది. పది ముక్కలకే "ఇంకా ఎన్నున్నాయి?" అన్నాడు. యాభైకి వచ్చేసరికి నడుం నొప్పన్నాడు. తర్వాత నోరు మూతపడింది. పక్కనే అత్తయ్య ఆవపిండి, కారం, ఉప్పు కలిపి నువ్వుల నూనె పోస్తుంటే, ఆవిడ చేతులు మండుతాయేమోనని మొదటిసారి అడిగాడు. "అరవై ఏళ్లుగా మండుతూనే ఉన్నాయి నాన్నా" అన్నారావిడ.

మూడో రోజు తిరగకలిపి, వేడన్నంలో నెయ్యి వేసి తలా ఒక ముద్ద పెట్టాను. ఊట నాకేసి ముక్కని కంచం అంచున వదిలేసే ఘనుడు, ఆ రోజు టెంక దాకా చీకాడు. పైగా వాళ్ల నాన్న వదిలేసిన ముక్క చూసి, "అది నేను తుడిచింది, పారేస్తావేంటి?" అని నిలదీశాడు. ఆయన తల వంచుకుని తినేశారు.

ఇక్కడ ఇంకో మాట అనకుండా ఉండలేను. విశ్వాసం ఉండాలంటూ మనం పిల్లలకి చెప్పేది చాలాసార్లు బిల్లు చదవడమే. ఈ బెజవాడలో హాస్టల్ కాలేజీలకి తక్కువేం లేదు. ఆదివారం కలవడానికొచ్చిన తల్లిదండ్రులు టిఫిన్ బాక్స్ మూత తీస్తూనే మొదలుపెడతారు: "నీకోసం ఎన్ని లక్షలు పోస్తున్నామో తెలుసా?" పాపం ఆ పిల్లకి పెరుగన్నం గొంతు దిగుతుందా? అప్పు గుర్తుచేసినట్టు చెబితే పిల్లలకి తప్పించుకు తిరగాలనే అనిపిస్తుంది. మా ఇంట్లోనూ ఈ జబ్బు ఉంది, మార్కులు తగ్గిన రోజు నా నోరూ ఆగదు.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా అక్కవాళ్లు రెండో అంతస్తులో చిక్కుకుపోయారు. పడవల్లో వచ్చినవాళ్లు అందిస్తేనే పాల ప్యాకెట్లు, మంచినీళ్లు. నీళ్లు తీశాక వీధంతా బురద, కుళ్లు వాసన. వేరే ఊళ్ల నుంచి వచ్చిన పారిశుద్ధ్య కార్మికులు రోజుల తరబడి ఎత్తిపోశారు, ఫైరింజన్లు ఇళ్లు కడిగాయి. అక్క కొడుక్కి అప్పుడు పదేళ్లు. మేడ మీద నుంచి అదంతా చూశాడు. ఇప్పటికీ చెత్తబండి వస్తే ఎవర్నీ వెళ్లనివ్వడు, తనే బకెట్ పట్టుకెళ్లి చేతికిచ్చి వస్తాడు. వాడికెవరూ చార్టు చేయించలేదు. మావాడు ముక్కు మూసుకుని గేటు దగ్గర పడేసి పరిగెత్తుకొచ్చేవాడు, ఇప్పుడు ఆ పని వాడికే అప్పగించాను. తడి చెత్త, పొడి చెత్త కలిపేసినందుకు మొదటి రోజే చెత్తబండి ఆవిడ చేత చీవాట్లు తిన్నాడు. మంచిదే.

ఇన్ని చెబుతున్నానా, నా బండారం కూడా వినండి. ఆవకాయ రోజున మా ఇంట్లో పనిచేసే ఆవిడ కూడా పిల్లలతో కూర్చుని సగం ముక్కలు తుడిచింది. ఒక సీసా కట్టి ఇచ్చి, బానే ఇచ్చానని మురుసుకున్నాను. సాయంత్రం మా అమ్మాయి కిటికీలో ఉన్న స్టీలు గ్లాసు చూపించి, "ఆంటీ తుడిచిన ముక్కలు మనం తింటాంగా, మరి ఆంటీ గ్లాసు మాత్రం వేరేగా ఎందుకు?" అంది. నా దగ్గర జవాబు లేదు. అలవాటమ్మా అన్నాను. ఆ మాట నాకే సిగ్గుగా అనిపించింది.

గ్లాసు కడిగి మా గ్లాసులతో పాటు అలమరలో పెట్టాను. మర్నాటికి మళ్లీ కిటికీలో ఉంది. మా అమ్మాయి తీసి లోపల పెట్టింది. నెల దాటింది, ఆ గ్లాసు అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. కిటికీలో పెట్టేదెవరో ఇంట్లో అందరికీ తెలుసు. అత్తయ్యతో ఆ మాట ఎత్తడానికి నాకింకా నోరు రాలేదు.