ఇంగువకు ఈ బిరుదు ఎవరడిగారు?

నిన్న తెచ్చిన ఇంగువ డబ్బా మీద బంగారు రంగు అక్షరాలతో 'యాంటీఆక్సిడెంట్ల గని' అని ఉంది. యాంటీఆక్సిడెంట్లంటే ఒంట్లో ఆక్సీకరణను అడ్డుకుని కేన్సర్ లాంటివి రానీయవని చెప్పుకునే పదార్థాలు. వెనక్కి తిప్పి చూస్తే ముందు గోధుమపిండి, తర్వాత తుమ్మ జిగురు, ఆ తర్వాత ఇంగువ. గని అట!

ఇరాన్, అఫ్ఘానిస్తాన్ కొండల్లో నాలుగైదేళ్లు పెరిగిన మొక్క వేరు కోస్తే పాలు కారతాయి. అవి ఎండి గట్టిపడితే ఇంగువ. మన దేశంలో, హిమాచల్ లోని లాహౌల్ లోయలో, దాన్ని పండించే ప్రయత్నంగా మొక్క నాటింది 2020 అక్టోబరులో. అంటే మన పులిహోర, మాగాయ ఇన్ని తరాలూ పరాయి కొండల చలవతోనే ఘుమఘుమలాడాయి.

మన వైద్యం దీనికి పెట్టిన పని చిన్నది, స్పష్టమైనది. హింగ్వాష్టక చూర్ణంలో శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, అజమోదం, సైంధవ లవణం, రెండు జీలకర్రలు, ఇంగువ ఉంటాయి. నెయ్యితో మొదటి ముద్దలో కలుపుకోమన్నారు. కడుపుబ్బరానికి, అజీర్తికి. అంతే. కేన్సర్ ఊసు ఎత్తలేదు.

మరి ఈ గని ఎక్కడిది? ప్రయోగశాలలో యాంటీఆక్సిడెంట్లను పసిగట్టే ఊదారంగు ద్రావణంలో ఇంగువ సారం వేస్తే అది పసుపుగా మారుతుంది. నిజమే. కాఫీ పోసినా మారుతుంది. గాజు గొట్టానికి కడుపు లేదు, కాలేయం లేదు. ఇలాంటి కొలతల పట్టికను అమెరికా వ్యవసాయ శాఖే 2012లో తన వెబ్‌సైటు నుంచి తీసేసింది, మనిషి ఆరోగ్యానికీ ఆ అంకెలకూ పొంతన లేదని. ఫిన్లాండులో 29 వేల మందికి పైగా పొగతాగే మగవాళ్ల మీద జరిపిన పరీక్ష ఫలితం 1994లో వచ్చింది. యాంటీఆక్సిడెంటని బీటా కెరోటిన్ మింగించిన వాళ్లలో ఊపిరితిత్తుల కేన్సర్ తగ్గలేదు, పెరిగింది.

ఇంకో తమాషా. ఇంగువలోని ఫెరులిక్ ఆమ్లాన్ని 1866లో మొదట వేరుచేసింది ఈ జిగురు నుంచే. మొక్క శాస్త్రీయ నామం 'ఫెరులా'; ఆ పేరే దానికి పెట్టారు. అదే ఆమ్లం తవుడులో బోలెడంత ఉంది. తవుడు గేదెలకు వేసి, చారులో చిటికెడు ఇంగువ వేసి గని తవ్వుకుంటున్నాం.

ఇదంతా నవ్వుకుని వదిలేసేవాణ్ణే. మొన్న బంధువుల ఇంట్లో నెల నిండిన పసిదానికి ఉగ్గుగిన్నెతో ఇంగువ నీళ్లు పట్టబోతున్నారు.

"కడుపునొప్పికే కాదురా, యాంటీఆక్సిడెంటు కూడానట," అంది పెద్దమ్మ.

చేయి పట్టుకుని ఆపాను. ఐదు వారాల బిడ్డకు ఇంగువ మందు పట్టిస్తే రక్తం ఆక్సిజన్ మోయలేని స్థితికి వచ్చిందని 1984లో అమెరికా పిల్లల వైద్యుల పత్రికలో వచ్చింది. పుట్టిన కొత్తలో పిల్లల రక్తంలో ఉండే హిమోగ్లోబిన్ వేరు. పరీక్షిస్తే దాన్ని ఇంగువ ఆక్సీకరించింది; పెద్దవాళ్ల హిమోగ్లోబిన్‌ను ఏమీ చేయలేదు. డబ్బా మీద రాసినదానికి సరిగ్గా తలకిందులు!

"మీ అందరికీ పట్టలేదా, బతకలేదా?" అని పెద్దమ్మ గిన్నె పక్కన పెట్టి మూతి ముడుచుకుంది. సాయంత్రం నాకు మాత్రం చారులో ఇంగువ దండిగా దట్టించింది. రెండుసార్లు పోయించుకున్నాను.