ఆ ఇనుప బండి స్వర్ణముఖి వరదను దాటేది కాదు

నాలుగు రోజులుగా మా కాలనీ గ్రూపులో, బంధువుల గ్రూపులో, చివరికి పిల్లల స్కూలు గ్రూపులో కూడా ఒకటే వీడియో తిరుగుతోంది. చక్రాల బదులు ఇనుప పట్టాలున్న ఆకుపచ్చ బండి ఒకటి గట్టు దిగి నీళ్లలోకి పోతుంది, తేలుతుంది, అవతలి గట్టు ఎక్కుతుంది. దాని కింద రాసింది ఇది: "ఇది మన ఆర్మీ వాటర్ ట్యాంక్. ఎంత పెద్ద వరదలోనైనా ఈదుతుంది. గుండు తగిలినా ఏమీ కాదు. ఒక్క ట్రిప్పులో వంద మందిని తెస్తుంది. 2021లో తిరుపతి మునిగినప్పుడు దీన్ని పంపి ఉంటే ఒక్క ప్రాణం కూడా పోయేది కాదు. ఎందుకు పంపలేదో అడగండి."

ఆ నవంబరులో నేను తిరుపతిలోనే ఉన్నాను. మా ఇంటి గోడ మీద, స్విచ్ బోర్డుకు జానెడు కింద, నీళ్లు నిలిచిన గీత సున్నం వేసినా ఇంకా లీలగా కనిపిస్తుంది. మా చిన్నాయన ఆర్మీలో ఇలాంటి బండినే ఏళ్ల తరబడి నడిపి రిటైరయ్యారు. ఆయన పక్కన కూర్చుని ఆ వీడియో నాలుగైదు సార్లు చూశాకే ఇది రాస్తున్నాను.

"మన ఆర్మీ ట్యాంక్" అనేదే తప్పు. వీడియోలో ఉన్నది ఎంటీ-ఎల్‌బీ. సోవియట్ కాలం నాటిది, ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉన్న ఖార్కివ్ ట్రాక్టర్ ఫ్యాక్టరీలో తయారైంది. ఆ రష్యన్ పేరుకు అర్థం చెప్పుకుంటే "పలు పనులకు వాడే, తేలికపాటి కవచమున్న లాగుడు బండి" అని వస్తుంది. ఫిరంగిని వెనక తగిలించుకుని లాక్కుపోవడం దాని అసలు పని. ఆరున్నర టన్నుల దాకా లాగుతుంది. పైన చిన్న గూట్లో 7.62 మిల్లీమీటర్ల మెషిన్ గన్ ఒకటి ఉంటుంది, అంతే. మన టీ-90 ట్యాంకు బరువు 46 టన్నులైతే ఇది 12 టన్నుల లోపు. మన సైన్యంలో స్ట్రెలా-10 విమాన విధ్వంసక క్షిపణులను మోసే బండిని ఈ ఎంటీ-ఎల్‌బీ మీదే కట్టారు కాబట్టి, ఆ ఫొటోలు చూసి ఎవరో ఇలా కలిపేసి ఉండొచ్చు. మన జవాన్లను నీళ్లు దాటించే బండి వేరే ఉంది. దాని పేరు బీఎంపీ-2. సంగారెడ్డి దగ్గర ఎద్దుమైలారంలో తయారవుతుంది. చిన్నాయన నడిపింది అదే.

ఇక "ఎంత పెద్ద వరదలోనైనా ఈదుతుంది" అన్న మాట. జనం నమ్మేది దీన్నే, ప్రమాదం ఉన్నదీ దీనిలోనే.

ఎంటీ-ఎల్‌బీ తేలుతుంది, అది నిజం. కానీ పడవకున్నట్టు దానికి ప్రొపెల్లర్ ఉండదు. నేల మీద తిరిగే పట్టాలే నీళ్లలోనూ తిరుగుతూ నీటిని వెనక్కి తోస్తాయి. అందుకే రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్లు పోయే బండి నీళ్లలో 5, 6 కిలోమీటర్లకు మించదు. సెకనుకు మీటరున్నర చిల్లర, అంటే మనం బస్సు తప్పిపోతుందని గబగబా నడిచే నడక. ఎదురు ప్రవాహం అంతకన్నా వేగంగా ఉంటే బండి ముందుకు పోదు, నీళ్లు ఎటు తోస్తే అటు పోతుంది.

తిరుపతి పక్కన పారే స్వర్ణముఖి నది సంగతి మనకు తెలియంది కాదు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. ఈశాన్య రుతుపవనం ఒక్కసారి గట్టిగా పట్టిందంటే చంద్రగిరి కొండల నీళ్లు, శేషాచలం వాగుల నీళ్లు గంటల్లో వచ్చి పడతాయి. ఆ నవంబరు 18న, 19న మనం చూసింది అదే. దాని మీది వంతెనలే కూలాయి. ఆ నీళ్లలో చెట్లు, కరెంటు స్తంభాలు కొట్టుకొచ్చాయి.

లెక్క కూడా చూద్దాం. 12 టన్నుల బండి తేలాలంటే 12 ఘనపు మీటర్ల నీటిని పక్కకు నెట్టాలి. బండి పొడవు దాదాపు 6.5 మీటర్లు, వెడల్పు 2.85 మీటర్లు, ఎత్తు 1.87 మీటర్లు. అడుగంతా చదునైన పెట్టె అనుకున్నా 65 సెంటీమీటర్లు మునగాలి. కింద పట్టాలకు వదిలిన చోటు, ముందు వైపు వాలు తీసేస్తే ఇంకా చాలా లోతు మునుగుతుంది. వీడియోలో నీళ్లపైన కనిపించేది బండి నెత్తి భాగమే. పక్కనుంచి ఒక దుంగ వచ్చి తగిలితే ఏమవుతుందో ఊహించుకోండి.

నీళ్లలోకి దిగే ముందు చేసే పని చిన్నాయన వేళ్లు మడిచి చెప్పారు. అడుగున నీళ్లు వదిలే మూతలన్నీ బిగించాలి. తలుపుల రబ్బరు సీళ్లు తడిమి చూడాలి. లోపలికి చేరే నీటిని తోడే పంపు పనిచేస్తోందో లేదో చూసుకోవాలి. అలలు ఎగిరి మీద పడకుండా ముందున్న పలకను పైకి లేపాలి. ఆ పలక లేపితే డ్రైవరుకు మామూలు అద్దంలో ఎదురుగా ఏమీ కనపడదు, పొడుగు పెరిస్కోపు పెట్టుకోవాలి. అంతకన్నా ముందు ఎవరో ఒకరు వెళ్లి నీటి వేగం, అడుగు నేల, అవతలి గట్టు వాలు చూసి రావాలి.

"దిగేది సులువే నాయనా, ఎక్కేదే కష్టం. అవతలి గట్టు బురదైతే పట్టాలు గీరుకుంటా అక్కడక్కడే తిరగతాయి. మాకు చెరువు లాంటి నీళ్లలో ట్రైనింగ్ ఇచ్చేటప్పుడే టెన్షన్‌గా ఉండేది" అన్నారు.

ఆ వానల్లోనే అప్పటి అనంతపురం జిల్లాలో చిత్రావతి నదిలో జరిగింది గుర్తు చేసుకోండి. కారులో చిక్కుకున్నవాళ్లను కాపాడదామని జేసీబీ తీసుకెళ్లారు. టన్నుల బరువున్న ఆ జేసీబీ కూడా ప్రవాహంలో ఆగిపోయింది. చివరికి వాయుసేన ఎంఐ-17 హెలికాప్టర్ వచ్చి 10 మందిని పైకి లాగింది. వరదలో బరువైన ఇనుము ఆసరా అవుతుందని నమ్మేవాళ్లకు ఇంతకన్నా పెద్ద జవాబు నా దగ్గర లేదు.

ఈ బండి అసలు గొప్పతనం వేరే చోట ఉంది. పట్టాలు బరువును పరిచేస్తాయి కాబట్టి నేల మీద దాని ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు అర కిలో కన్నా తక్కువ. మనిషి కాలు దిగబడే మంచులో, చిత్తడి నేలలో ఇది పోగలదు. ఫిన్లాండ్, స్వీడన్ లాంటి మంచు దేశాలు కూడా దీన్ని వాడింది అందుకే. వరద తీసేశాక మిగిలే బురదలో ఇలాంటిది సాయపడుతుందంటే ఒప్పుకుంటాను.

"గుండు తగిలినా ఏమీ కాదు" అన్నదానికి వరదతో సంబంధమే లేదు. దాని ఉక్కు రేకు చాలాచోట్ల 10 మిల్లీమీటర్లకు మించదు. మామూలు రైఫిల్ గుండును, పేలుడు ముక్కలను ఆపుతుంది. పెద్ద మెషిన్ గన్‌కు ఆగదు.

వంద మంది అన్నది శుద్ధ అబద్ధం. నడిపేవాళ్లు ఇద్దరు, వెనక 11 మంది. వాళ్లు కూడా యూనిఫాం వేసుకున్న కుర్రాళ్లు, వెనక చిన్న తలుపుల్లోంచి వంగి దూరి, చీకట్లో మోకాళ్లు ముడుచుకుని కూర్చునేవాళ్లు. మా ఎదురింటి అవ్వకు అప్పుడు ఎనభై దాటాయి. ఆమెను రబ్బరు పడవ మనుషులు గుమ్మంలోంచి దుప్పటితో సహా ఎత్తి పడవలో పడుకోబెట్టారు. వీధి మలుపులో ప్రహరీ గోడ నీళ్ల కింద కనపడకుండా ఉంటే, ఒకతను దిగి కాలితో తడిమి చూసి, పడవను నలుగురూ కలిసి గోడ మీదుగా ఎత్తి దాటించారు. ఆ వీధి వెడల్పు పది అడుగులు. ఈ బండి ఒక్కటే తొమ్మిదడుగులకు పైన. మురుగు కాలువల మీది సిమెంటు పలకలు 12 టన్నులకు ఎక్కడ ఆగుతాయి? నీళ్ల కింద కాలువలో ఒక పట్టా దిగబడితే బండి వీధికి అడ్డంగా ఇరుక్కుంటుంది, వెనక వచ్చే పడవలకూ దారి ఉండదు.

"పంపి ఉంటే ఒక్క ప్రాణం కూడా పోయేది కాదు" అని రాసినవాళ్లు ఆ రాత్రి నీళ్లు ఎంతసేపట్లో వచ్చాయో చూసినట్టు లేదు. పట్టాల బండిని దూరం నుంచి రోడ్డు మీద నడిపించుకుని రారు, ట్రైలర్ మీదో రైలు మీదో తేవాలి. వంతెనలు కూలిన రోజున అది ఏ దారిన వస్తుంది?

అదే నెలలో తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్టకు గండి భయం పట్టుకున్నప్పుడు ఏం చేశారో చూడండి. లీకేజీ కనపడగానే కింది ఊళ్లను ఖాళీ చేయించారు, కట్ట మీద ఇసుక బస్తాలు వేశారు. కట్ట నిలిచింది. ఒకవేళ తెగినా కింద జనం లేరు. నాకు ఈ ఫార్వర్డ్ మీద కోపం అందుకే. మా గ్రూపులోనే ఒకాయన "ఈసారి వస్తే ఆర్మీ బండి వస్తుందిలే, ఇల్లు వదిలేది లేదు" అని పెట్టారు. మళ్లీ నవంబరు వస్తుంది. ఆయన ఇల్లు మా ఇంటికన్నా పల్లంలో ఉంది.

ఆయనకు ఫోన్ చేసి, వీడియోను మధ్యలో ఒకచోట ఆపి చూడమన్నాను. నీళ్లు కదలడం లేదు, అవతలి గట్టు చెట్ల నీడ అద్దంలో పడ్డట్టు పడింది. చిన్నాయన చూపించేదాకా నేనూ గమనించని ఇంకొకటి ఆ ఫ్రేములో ఎడమ అంచున ఉంది. గట్టు మీద ఇంకో బండి నిలబడి ఉంది. ఇది మునిగితే లాగడానికి, ఇనుప తాడు ముందే విప్పి పెట్టుకుని.